లెక్కలోకి వచ్చిన పని



పోయిన నెల ఈ పుటలో మా యూరప్ చదువు యాత్ర సంగతులు మొదలుపెట్టాము. బ్రస్సెల్స్ చలి, మూడు పూటలా రొట్టె, చీరల మీద మగవాళ్ళ కోట్లు తొడుక్కుని నడిచిన మన అక్కలు, వీటితోనే పుట నిండిపోయింది. అది చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "ఆ దేశాల్లో ముసలివాళ్ళకూ, విధవరాళ్ళకూ, బాలింతలకూ ప్రభుత్వమే డబ్బిస్తుందట గదా, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?" ఒక సహోదరి కాస్త కోపంగానే రాశారు: "కన్నవాళ్ళను తీసుకెళ్ళి ఆశ్రమాల్లో పడేసేవాళ్ళ దగ్గర మనం నేర్చుకునే సంక్షేమం ఏముంటుంది?" ఈ నెల ఆ రెండు ప్రశ్నలూ పట్టుకుందాము.

కొత్తగా పత్రిక తెప్పించుకుంటున్నవారి కోసం ఒక మాట. మేము పదకొండు మందిమి వెళ్ళాము. ఇద్దరు పాస్టరమ్మలు, ఒక రిటైర్డు నర్సమ్మ, ముగ్గురు అంగన్‌వాడీ టీచర్లు, తక్కినవారు పొలం పనులు చేసుకునేవారు. అందరిలో పెద్దావిడ వయసులో ఉండగా పొగాకు గ్రేడింగుకు వెళ్ళిన మనిషి. జర్మనీలోని ఒక సంఘము వారు మన స్త్రీల సమాజాన్ని పిలిచి, దారి ఖర్చులు పెట్టుకున్నారు. పిలిచింది కోటలు చూపించడానికి కాదు. ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకున్న ఆ దేశాలు ఎలా ఒక్కటయ్యాయి, ఒక్కటయినందువల్ల ఆడవాళ్ళకూ రోగులకూ ముసలివాళ్ళకూ ఏమి ఒరిగింది అన్నది చూడమన్నారు. బెల్జియం, లక్సెంబర్గ్, ఫ్రాన్స్, జర్మనీ, నాలుగు దేశాలు ఒకే వీసా మీద తిరిగాము.

ఆ కలయిక మొదలైంది బొగ్గుతో. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమాన్ ఒక ప్రకటన చేశారు. తుపాకులకూ ఫిరంగులకూ కావలసినవి బొగ్గు, ఉక్కు. ఆ రెండింటినీ ఉమ్మడి పెత్తనం కింద పెడితే ఒకరికి తెలియకుండా ఒకరు యుద్ధానికి సిద్ధపడలేరు అన్నది ఆలోచన. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఈ ఆరు దేశాలూ 1951లో సంతకాలు పెట్టాయి. అన్నదమ్ములు విడిపోయాక కూడా నూతిని ఉమ్మడిగా ఉంచుకున్నట్టు అన్నమాట. ఆ ఆరు ఇప్పుడు 27 అయ్యాయి. బ్రిటన్ మధ్యలో చేరి, 2020 జనవరిలో బయటికి వెళ్ళిపోయింది.

బొగ్గు ఉమ్మడి అయింది, బాగానే ఉంది. దాన్ని తవ్విన మనుషుల మాటేమిటి? ఇది తెలుసుకోవడానికి మమ్మల్ని బ్రస్సెల్స్ నుంచి షార్లెరువా పక్కనున్న మార్సినెల్ అనే చోటికి తీసుకువెళ్ళారు. అక్కడ మూతపడిన ఒక బొగ్గు గనిని స్మారక స్థలంగా ఉంచారు. 1946లో ఇటలీ, బెల్జియం ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఇటలీ మనుషులను పంపాలి, బెల్జియం బొగ్గు పంపాలి. పనికోసం వచ్చిన ఆ ఇటలీ కుర్రవాళ్ళను, యుద్ధఖైదీలను ఉంచిన రేకుల షెడ్లలోనే కాపురం పెట్టించారు. 1956 ఆగస్టు 8 ఉదయం గనిలోకి దింపే లిఫ్టులో బొగ్గు టబ్బు సరిగా కూర్చోక, బయటికి పొడుచుకువచ్చి, కరెంటు తీగలనూ నూనె గొట్టాన్నీ తెంపింది. మంటలు లేచాయి. 262 మంది చనిపోయారు. వారిలో 136 మంది ఇటలీవారు. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ఫోటోలు గోడలకు ఉన్నాయి. మాతో వచ్చిన అంగన్‌వాడీ టీచరొకామె సింగరేణి ప్రాంతం ఆడపడుచు. ఆమె ఆ ఫోటోల ముందునుంచి చాలాసేపు కదలలేదు.

ఆ ఆడవాళ్ళకు పింఛను ఎవరు ఇవ్వాలి? భర్త పుట్టింది ఒక దేశం, పనిచేసి చచ్చిపోయింది ఇంకో దేశం. ఇటువంటి చిక్కులు అప్పటికే వేల కుటుంబాలకు ఉన్నాయి. 1957లో రోమ్ నగరంలో ఆరు దేశాలూ ఇంకా పెద్ద ఒప్పందం చేసుకుని, 1958 నుంచి నిబంధనలు రాయడం మొదలుపెట్టాయి. మొదటి నంబరు నిబంధన ఏ భాషల్లో కాగితాలు రాయాలి అన్నది. మూడవ నంబరుది, పొరుగు దేశంలో పనిచేసినవారి సాంఘిక భద్రత గురించి. పాల ధర కంటే, గోధుమల ధర కంటే ముందు ఇది రాసుకున్నారని విని మాకు ముచ్చటేసింది.

దాని పద్ధతి చెబుతాము. ఒక స్త్రీ ఇటలీలో 10 ఏళ్ళు, బెల్జియంలో 12 ఏళ్ళు, జర్మనీలో 8 ఏళ్ళు పనిచేసిందనుకోండి. ఏ దేశానికి ఆ దేశం "మా దగ్గర చాలినన్ని ఏళ్ళు లేవు పొమ్మ"నడానికి వీల్లేదు. మూడూ కలిపి 30 ఏళ్ళుగా చూసి అర్హత లెక్కిస్తారు. ఆపైన ఎవరి దగ్గర చేసిన ఏళ్ళకు వారు తమ వంతు పింఛను పంపుతారు. ఆ నిబంధనను తర్వాత రెండుసార్లు తిరగరాశారు గాని మూలం అదే. ఇక్కడ ఒకటి గమనించాలి. పింఛను డబ్బు బ్రస్సెల్స్ నుంచి రాదు. ఎవరింటి వంట వారిదే. పొరుగింటి నుంచి పనికి వచ్చిన మనిషికి పంక్తిలో విస్తరి వేశారా లేదా అని చూడడమే బ్రస్సెల్స్ పని.

మరి ఎవరి వంటకు వారికి బియ్యం ఎక్కడివి? జర్మనీ సంగతి చెబితే అర్థమవుతుంది. అక్కడ జీతంలో నూటికి 18 యూరోల 60 సెంట్లు పింఛను చందాగా పోతాయి. సగం పనిచేసేవారిది, సగం యజమానిది. వైద్యానికి వేరే చందా, నిరుద్యోగానికి వేరే చందా. మన పొదుపు సంఘంలో ఎవరి డబ్బు వారి పుస్తకంలో జమ అవుతుంది. అక్కడ అలా కాదు. ఈ నెల పనిచేసినవారు కట్టింది ఈ నెల ముసలివాళ్ళ పింఛనుకు పోతుంది. తాము ముసలివాళ్ళయినప్పుడు తమ తర్వాతివాళ్ళు కడతారన్న నమ్మకం మీద నడుస్తుంది. ఇష్టం లేదంటే కుదరదు, చట్టం. 1883లో వైద్య బీమా, 1889లో వృద్ధాప్య బీమా బిస్మార్క్ కాలంలో మొదలయ్యాయి. మొదట్లో పింఛను రావాలంటే 70 ఏళ్ళు బతకాలి. అంతమంది బతికేవారు కాదు లెండి. ఉత్తర దేశాల్లో చందాలకంటే పన్నుల మీద ఎక్కువ నడుస్తుందట. ఎలా అయినా అది పైనుంచి రాలిన డబ్బు కాదు, చెమటలోంచి తీసిపెట్టిన వంతు.

ఇక్కడే ఆడవాళ్ళకు చిక్కు వచ్చింది. జీతం మీదే పింఛను అన్నప్పుడు, జీతం తక్కువైతే పింఛనూ తక్కువే. జీతమే లేని ఇంటిపనికి పింఛనే లేదు.

జీతం సంగతి ముందు. 1957 రోమ్ ఒప్పందంలో 119వ అధికరణం ఒకటుంది. ఒకే పనికి స్త్రీలకూ పురుషులకూ ఒకే వేతనం ఉండాలని దాని సారం. ఆడవాళ్ళ మీద ప్రేమతో రాశారేమో అనుకుంటారు. ఫ్రాన్స్‌లో అప్పటికే సమాన వేతనం నియమం ఉంది. పక్క దేశాల్లో ఆడవాళ్ళకు తక్కువిచ్చి బట్టలు చవగ్గా నేస్తే తమ మిల్లులు మూతపడతాయని ఫ్రాన్స్ భయపడింది. అందుకని ఆ అధికరణం పెట్టించింది. 1961 చివరికల్లా అమలు చేస్తామన్నారు. తర్వాత 1964 చివరికి అన్నారు. కాగితం కాగితంగానే ఉంది.

దాన్ని కదిలించినవారు హెర్‌స్టాల్ ఆడవాళ్ళు. లియేజ్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊళ్ళో పెద్ద తుపాకుల కర్మాగారం ఉంది. అక్కడ యంత్రాల మీద సుమారు 3,000 మంది స్త్రీలు పనిచేసేవారు. యంత్రాలనుంచి చిమ్మే నూనెలో రోజంతా తడిసేవారు. 1966 ఫిబ్రవరి 16న వాళ్ళు పని ఆపేశారు. 119వ అధికరణం పేరు చెప్పి అడిగారు. సమ్మె 12 వారాలు సాగింది. ఆడవాళ్ళు చేసే విడిభాగాలు లేక వేలమంది మగవాళ్ళకు కూడా పని ఆగిపోయింది. ఈ సంగతి మాకు చెప్పింది ఆ ఊరి స్త్రీ ఒకామె. మా పెద్దావిడ అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"పన్నెండు వారాలు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగించారమ్మా?"

దుబాసీ ఆ మాట చెప్పగానే ఆమె నవ్వింది. యూనియన్లు కొంత ఇచ్చాయట, ఊళ్ళోనూ పైదేశాల్లోనూ చందాలు వసూలు చేశారట. అంగళ్ళవాళ్ళు అప్పులిచ్చి ఉంటారు గదా అని మా పెద్దావిడ అంటే, అవునన్నట్టు తల ఊపింది. వాళ్ళు అడిగింది గంటకు 5 ఫ్రాంకుల పెంపు. దొరికింది 2 ఫ్రాంకుల 75 సెంటీములు. "సగం కంటే ఎక్కువే. మా గ్రేడింగులో పావలా పెంచమంటే గేటు బయట నిలబెట్టారు" అని మా పెద్దావిడ మెచ్చుకుంది.

ఆ సమ్మె జరిగే రోజుల్లో బ్రస్సెల్స్‌లో ఎలియాన్ వోగెల్-పోల్‌స్కీ అనే న్యాయవాది, 119వ అధికరణాన్ని కోర్టులో నిలబెట్టగలిగే ఒక స్త్రీ కోసం చూస్తున్నారు. తర్వాత ఆమెకు గాబ్రియెల్ దఫ్రెన్ దొరికారు. దఫ్రెన్ 1951 నుంచి సబేనా విమాన సంస్థలో ఎయిర్ హోస్టెస్. విమానంలో అదే పని చేసే మగవారికంటే ఆమెకు జీతం తక్కువ. 40 ఏళ్ళు నిండగానే, 1968లో, ఉద్యోగం నుంచి తీసేశారు. మగవారికి ఆ నియమం లేదు. విమాన సిబ్బందికి ఇచ్చే ప్రత్యేక పింఛను కూడా ఎయిర్ హోస్టెస్‌లకు లేదు. ఆమె మూడు సంగతుల మీదా పోరాడారు. లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం 1971లో పింఛను విషయంలో ఆమెకు వ్యతిరేకంగా చెప్పింది. 1978లో వయసు విషయంలోనూ ఆమె ఓడిపోయారు. మధ్యలో 1976 ఏప్రిల్ 8న జీతం విషయంలో గెలిచారు. గెలిచింది మూడేళ్ళ జీతం తేడా. కాని ఆ తీర్పులో కోర్టు ఒక మాట చెప్పింది. 119వ అధికరణం ప్రభుత్వాలకు చెప్పిన బుద్ధిమాట మాత్రమే కాదు, ఏ స్త్రీ అయినా తన దేశపు కోర్టులో దాన్ని చూపించి తన హక్కు అడగవచ్చు. అంటే 19 ఏళ్ళు పట్టింది ఆ వాక్యానికి ప్రాణం రావడానికి. అయితే అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పాత బకాయిలన్నీ అందరూ అడిగితే కంపెనీలు కూలిపోతాయని బ్రిటన్, ఐర్లండ్ మొరపెట్టుకున్నాయి. అందుచేత, అప్పటికే కేసు వేసినవారు తప్ప మిగతావారు వెనకటి కాలానికి అడగకూడదన్నారు.

విచిత్రమేమిటంటే, అదే 1976లో మన పార్లమెంటు కూడా సమాన వేతన చట్టం చేసింది. మన పొలాల్లో మగ కూలి ఎంతో, ఆడ కూలి ఎంతో ఈ పుట చదివేవారికి మేము చెప్పనక్కరలేదు.

యూరప్‌లోనూ తేడా పోలేదు. 2023 లెక్కల ప్రకారం గంట జీతంలో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే సగటున నూటికి 12 వంతులు వెనకబడి ఉన్నారు. లక్సెంబర్గ్ ఒక్కచోట ఆడవాళ్ళదే రవ్వంత ఎక్కువ. జీతం తేడా ఎక్కడుందో కంపెనీలు దాచకుండా చెప్పాలని 2023లో ఇంకో చట్టం చేసి, దేశాలన్నీ 2026 జూన్ 7 లోగా దాన్ని తమ చట్టాల్లో చేర్చుకోవాలని గడువు పెట్టారు.

లక్సెంబర్గ్ పేరు వచ్చింది గనుక చెబుతున్నాము. చిన్న దేశం. అక్కడ ఉద్యోగం చేసేవారిలో సుమారు సగం మంది రోజూ పొద్దున్నే ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి వచ్చి సాయంత్రం ఇంటికి పోతారు. మన ఊళ్ళవాళ్ళు పక్క మండలానికి పోయివచ్చినట్టు. 2020 మార్చి నుంచి బస్సు, రైలు, ట్రాము ఉచితం, ఆడవాళ్ళకే కాదు, అందరికీ. టిక్కెట్టు కోసం చిల్లర పట్టుకుని నిలబడ్డ మా అక్కలను చూసి డ్రైవరు చేయి ఊపి లోపలికి పొమ్మన్నాడు.

స్ట్రాస్‌బర్గ్‌లో యూరప్ పార్లమెంటు భవనం చూశాము. 1979లో ప్రజలు నేరుగా ఓట్లేసి ఎన్నుకున్న మొదటి పార్లమెంటుకు అధ్యక్షురాలు సిమోన్ వెయిల్, హిట్లర్ కాలంలో ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడిన స్త్రీ. ఆ నగరం ఉన్న అల్సేస్ ప్రాంతం 1871లో జర్మనీకి, 1918లో ఫ్రాన్స్‌కి, 1940లో మళ్ళీ జర్మనీకి, యుద్ధం చివర మళ్ళీ ఫ్రాన్స్‌కి పోయింది. అక్కడి ముసలమ్మ ఒకతె గడప దాటకుండానే నాలుగుసార్లు దేశం మారి ఉండవచ్చు. ఇప్పుడు ట్రాములో రైన్ నది దాటితే జర్మనీ. కాగితాలు అడగరని చెప్పారు గాని, 2024 సెప్టెంబరులో జర్మనీ తన సరిహద్దులన్నిటి వద్దా మళ్ళీ తనిఖీ మొదలుపెట్టింది. మమ్మల్నీ అడిగారు.

ఇక రెండవ ప్రశ్న, ఆశ్రమాల్లో పడేయడం గురించి.

డ్యూసెల్‌డోర్ఫ్ నగరంలోనే, రైన్ ఒడ్డున, కైజర్స్‌వర్త్ అనే పాత ఊరు ఉంది. మన సంఘాల చరిత్ర తెలిసినవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. 1836లో అక్కడి కాపరి థియోడోర్ ఫ్లీడ్నర్, ఆయన భార్య ఫ్రీడరీకె కలిసి, పెళ్ళికాని స్త్రీలను చేర్చుకుని రోగుల సేవ నేర్పే డీకనెస్ గృహం మొదలుపెట్టారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో మూడు నెలలు అక్కడుండి నేర్చుకున్నారు. ఆ సిస్టర్లకు జీతం లేదు. కూడు, గుడ్డ, చేతిఖర్చు, ముసలితనంలో చూసుకుంటామన్న మాట, అంతే. అప్పట్లో పేదింటి ఆడపిల్లకు చదువు, పని, గౌరవం మూడూ ఒకేచోట దొరికే దారి ఇంకొకటి లేదు. మా పాస్టరమ్మ ఒకావిడ ఇది విని, "జీతం లేని పరిచర్య మాకూ తెలుసు గాని, ముసలితనంలో చూసుకుంటామన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఇప్పుడు ఆ రకం సిస్టర్లు చాలా తక్కువమంది మిగిలారు. జర్మనీ ప్రొటెస్టెంటు సంఘాల సేవాసంస్థ డియాకొనీలో ఆరు లక్షలకు పైగా ఉద్యోగులు జీతాల మీద పనిచేస్తున్నారు. కానుకల డబ్బుతో నడిచేది అందులో కొంచెమే. ఎక్కువ భాగం బీమా డబ్బు, ప్రభుత్వపు డబ్బు.

ఆ బీమాల్లో ఒకటి మనకు కొత్త. మంచం పట్టినవారిని చూసుకోవడానికే ఒక బీమా. 1995లో మొదలైంది. దానికి యజమానులు కూడా సగం కట్టాలి గదా, మాకేమిటి లాభం అని వాళ్ళు అడిగితే, ప్రభుత్వం ఒక సెలవు రోజును తీసేసి పని రోజుగా మార్చి ఇచ్చింది. ఏ సెలవు తీసేశారో తెలుసా? నవంబరులో ఆగమన కాలానికి ముందు, ఒక బుధవారం నాడు వచ్చే పశ్చాత్తాప ప్రార్థనా దినం. ప్రొటెస్టెంటుల పండుగ. సాక్సనీ రాష్ట్రం ఒక్కటి మాత్రం సెలవు వదులుకోలేదు. దానికి బదులు అక్కడి కార్మికులు ఈ బీమాకు ఎక్కువ వంతు కడతారు. 1997లో ఉత్తరాన ష్లేస్‌విగ్-హోల్‌స్టైన్‌లో సెలవు తిరిగి ఇవ్వాలని ఓటింగు పెట్టించారు. ఓటేసినవారిలో ఎక్కువమంది ఔనన్నా, కావలసినంతమంది రాక వీగిపోయింది. "ప్రార్థన దినం పోయిందని మీకు బాధ లేదా?" అని మేము అడిగితే, మాకు ఆతిథ్యం ఇచ్చిన ఇల్లాలు "ఆరాధన సాయంత్రం పెట్టుకున్నాము" అని చెప్పి, పక్క గదిలో ఉన్న అత్తగారికి మందు వేయడానికి లేచారు.

ఆ అత్తగారికి 91 ఏళ్ళు, మతిమరుపు. ఈ కోడలే చూస్తుంది. ఆశ్రమాల్లో పడేస్తారని రాసిన సహోదరికి ఇదే మా జవాబు. 2023 చివరి లెక్కల ప్రకారం జర్మనీలో ఒకరి సాయం లేకుండా బతకలేనివారు 57 లక్షల మంది. వారిలో నూటికి 86 మందిని ఇళ్ళలోనే చూసుకుంటున్నారు. చూసేది ఎక్కువగా భార్యలు, కూతుళ్ళు, కోడళ్ళు. ఈ బీమా ఆ పనికి లెక్క కట్టింది. బలహీనతనుబట్టి ఐదు తరగతులు. ఇంట్లోవాళ్ళే చూసుకుంటే, 2025లో రెండవ తరగతికి నెలకు 347 యూరోలు, ఐదవ తరగతికి 990 యూరోలు రోగి చేతికి ఇచ్చారు. అంతకంటే మాకు నచ్చింది వేరే ఉంది. వారానికి కనీసం 10 గంటలు చూసుకుంటూ, బయట 30 గంటలకు మించి ఉద్యోగం చేయని కోడలి పేరున ఆ బీమాయే పింఛను చందా కడుతుంది. 1986 నుంచి పిల్లల్ని కన్న తల్లికి కూడా పెంపకం కాలాన్ని పింఛను లెక్కలో కలుపుతున్నారు. మొదట బిడ్డకు ఒక ఏడాది, 1992 నుంచి పుట్టిన బిడ్డలకు మూడేళ్ళు. అత్తగారి పక్క మార్చడం, పిల్లకు పాలివ్వడం ఇవన్నీ పనేనని ఒక ప్రభుత్వ కాగితం మీద ఉండడం మేము మొదటిసారి చూశాము. అయినా 65 దాటిన ఆడవాళ్ళకు వచ్చే పింఛను యూరప్ మొత్తం మీద మగవాళ్ళకంటే ఇంకా సుమారు నాలుగోవంతు తక్కువ. కలిపినా తూకం అంతవరకే వచ్చింది.

మరి ఇంట్లో కోడలు లేకపోతే? కూతురు దూరాన ఉద్యోగంలో ఉంటే? వృద్ధాశ్రమంలో ఉంచాలంటే బీమా ఇచ్చింది పోగా 2025లో నెలకు సుమారు 3,000 యూరోలు సొంతంగా పెట్టుకోవాలి. అంత లేనివారు ఏం చేస్తారంటే, పోలండ్ నుంచో రొమేనియా నుంచో బల్గేరియా నుంచో ఒక స్త్రీని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. ఆ దేశాలు 2004లోనూ 2007లోనూ యూనియన్‌లో చేరాయి గనుక వచ్చి పనిచేయడానికి అడ్డంకి లేదు. ఇలా వచ్చినవారు లక్షల్లో ఉన్నారు.

అటువంటి ఒకామె ఆదివారం మధ్యాహ్నం చర్చి హాలులో కాఫీకి వచ్చింది. పోలండ్ పల్లెటూరి మనిషి, యాభై దాటి ఉంటాయి. రెండు నెలలు ఈమె ఉంటుంది, తర్వాతి రెండు నెలలు ఆమె ఊరిదే ఇంకో స్త్రీ వచ్చి అదే మంచం పక్కన ఉంటుంది. వారానికి ఆ మధ్యాహ్నం ఒక్కటే తనది. రాత్రి ముసలాయన ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు లేవాలి. మేము ఆమెను అడగవలసిన ప్రశ్న ఆమే మమ్మల్ని అడిగింది. "మీరందరూ ఇక్కడికి వచ్చారు గదా, మీ ఊళ్ళో మీ అమ్మలను ఎవరు చూస్తున్నారు?" చెల్లెళ్ళు, వదినలు అని ఒక్కొక్కరం చెప్పాము. తన అమ్మను పదహారేళ్ళ కూతురు చూస్తోందని చెప్పింది. రొట్టె ముక్క కాగితంలో చుట్టుకుని, టైము చూసుకుని వెళ్ళిపోయింది.

ఆమె పనికి లెక్క ఎలా? కాగితం మీద ఈ స్త్రీలకు వారానికి 30 గంటలో 40 గంటలో రాస్తారు. ఉండేది ఇరవై నాలుగు గంటలూ. బల్గేరియా నుంచి వచ్చిన ఒక స్త్రీ దీని మీద కేసు వేసింది. 2021 జూన్ 24న జర్మనీ అత్యున్నత కార్మిక న్యాయస్థానం, పిలుపు కోసం కాచుకుని ఉన్న గంటలకు కూడా కనీస వేతనం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. చర్చి హాలులో చూసిన ఆమెకు ఆ తీర్పు సంగతి తెలుసు. "తెలుసు, కాని ఆ మాట ఎత్తితే ఏజెన్సీవాళ్ళు వచ్చే నెల పిలవరు" అన్నదట.

మన ఆడపిల్లలు కూడా ఇప్పుడు నర్సు పనికి జర్మన్ భాష నేర్చుకుని వెళుతున్నారు. వారి తల్లిదండ్రులకు రెండు మాటలు. భారతదేశానికీ జర్మనీకీ మధ్య 2017 మే 1 నుంచి సాంఘిక భద్రత ఒప్పందం అమల్లో ఉంది. పింఛను అర్హత చూసేటప్పుడు ఇక్కడ పి.ఎఫ్. పింఛనులో ఉన్న ఏళ్ళు, అక్కడ చందా కట్టిన ఏళ్ళు కలిపి చూస్తారు. బెల్జియంతో 2009 నుంచే ఉంది. కాబట్టి ఇక్కడి పి.ఎఫ్. కాగితాలు పారేయకండి, అమ్మాయితో పంపండి, ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి. పరదేశాల నుంచి నర్సులను తెప్పించేటప్పుడు ఖర్చు యజమానే భరించాలన్న నియమంతో జర్మనీ ప్రభుత్వం ఒక గుర్తింపు ముద్ర ఇస్తుంది. లక్షలు అడిగే ఏజెంటును ఆ ముద్ర ఉందా అని అడగండి.

గల్ఫ్ దేశాలతో మనకు అలాంటి పింఛను ఒప్పందం లేదు. మాతో వచ్చిన పొలం పని చేసుకునే సహోదరి కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంది. మనవరాలిని ఈమే పెంచుతోంది. పోలండ్ స్త్రీ వెళ్ళిపోయాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి మా రిటైర్డు నర్సమ్మ ఆమెకు చెప్పారు. కువైట్‌లోనూ 2015లో ఇంటి పనివారి కోసం ఒక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. పని మానేసి వచ్చేటప్పుడు, చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి. ఆ సహోదరి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. కూతురు వెళ్ళి ఏడేళ్ళయింది. హోటలు ఆఫీసులో ఎన్ని గంటలకు ఫోను చేస్తే కువైట్‌లో యజమానురాలు నిద్రపోయి ఉంటుందో అడిగి, గడియారం ముందు కూర్చుంది.